కారు తాళంచెవి మార్పిడి

కారు తాళంచెవి మార్పిడి అనగా పోయిన, విరిగిన లేదా చోరీకి గురైన కారు తాళంచెవి స్థానంలో కొత్తదానిని చేయించి, దానిని ఆ కారు గుర్తించేటట్లు అమర్చుకొనే ప్రక్రియ. ఒకప్పుడు వీధి చివర తాళాలు చేసేవాని వద్ద కొద్ది నిమిషాలలో, కొద్ది రూపాయలతో ముగిసిన ఈ పని నేడు కొన్ని వందల రూపాయల నుండి లక్ష రూపాయల వరకు ఖర్చు కాగల వ్యవహారంగా మారినది. ఇందుకు కారణం తాళంచెవిలోని లోహం కాదు. అందులో అమర్చిన ఎలక్ట్రానిక్ చిప్, దానిని కారు కంప్యూటరులో నమోదు చేసే పని మరియు ఆ కారు తనదేనని యజమాని నిరూపించుకొనవలసి రావడం ఈ మార్పునకు ప్రధాన కారణాలు.

ఖర్చును నిర్ణయించే అంశాలలో అన్నిటికంటే ముఖ్యమైనది రెండవ తాళంచెవి ఇంటిలో ఉన్నదా లేదా అన్నది. ఒక చెవి మిగిలి ఉంటే అయ్యే ఖర్చుకు, అన్ని చెవులు పోయినప్పుడు అయ్యే ఖర్చుకు చాలా వ్యత్యాసం కలదు. ఈ వ్యాసంలో సికింద్రాబాదు శివారు ప్రాంతమైన యాప్రాల్‌ను ఉదాహరణగా తీసుకొని తాళంచెవుల రకాలు, మార్పిడి పద్ధతులు, ఖర్చు, కావలసిన పత్రాలు, బీమా మరియు భద్రతకు సంబంధించిన విషయాలు వివరించబడినవి.

పేర్లు

తెలుగులో తాళము అనే మాటకు ద్వారమును బంధించే సాధనమని అర్థం. దానిని తెరిచే సాధనమును తాళంచెవి లేదా తాళపుచెవి అంటారు. వాడుక భాషలో "కారు తాళాలు" అన్నప్పుడు తాళంచెవులనే అర్థం వస్తుంది. రాయలసీమలో తాళమును బీగము అని, తాళంచెవిని బీగంచెవి అని అంటారు. కన్నడంలో కూడా తాళమునకు బీగ అనే పేరు కలదు. హైదరాబాదు, సికింద్రాబాదు జంటనగరాలలో ఉర్దూ ప్రభావం వలన చాబీ అనే మాట విరివిగా వాడబడుతుంది. ఈ చాబీ అనే పదం పోర్చుగీసు భాషలోని షావె అనే పదం నుండి భారతీయ భాషలలోనికి వచ్చినది. చేతిసంచులు, తోపుడుబండ్లపై తాళంచెవుల గుత్తులు వ్రేలాడదీసుకొని పనిచేసేవారిని నగరంలో చాబీవాలా అని పిలుస్తారు. దేశంలోని పలు నగరాలలో ఈ వృత్తిలో ఉన్నవారిలో సిక్లిగర్ సిక్కులు ఒక ముఖ్య వర్గం. వీరి పూర్వీకులు ఆయుధాలకు పదును పెట్టి మెరుగు దిద్దే పని చేసేవారు.

చరిత్ర

తొలినాటి కార్లకు తాళంచెవి అవసరమే ఉండేది కాదు. ఇంజనును ముందు భాగంలో ఇనుప కడ్డీతో చేత్తో త్రిప్పి నడిపించేవారు. 1912లో అమెరికాకు చెందిన కాడిలాక్ సంస్థ, ఛార్లెస్ కెట్టరింగ్ రూపొందించిన విద్యుత్ స్టార్టరును తన కార్లలో ప్రవేశపెట్టినది. 1949లో క్రిస్లర్ సంస్థ తాళంచెవిని త్రిప్పగానే ఇంజను మొదలయ్యే ఏర్పాటును అందుబాటులోనికి తెచ్చినది. తలుపు తెరవడానికి, ఇంజను నడిపించడానికి తాళంచెవి తప్పనిసరి అన్న భావన ఆ తరువాతి దశాబ్దాలలో స్థిరపడినది.

1982లో ఫ్రాన్సుకు చెందిన రెనో సంస్థ ఫుయేగో అనే కారులో దూరం నుండి తలుపులు తెరిచే రిమోట్‌ను ప్రవేశపెట్టినది. 1986లో అమెరికాలోని జనరల్ మోటార్స్ సంస్థ కార్వెట్ కారు తాళంచెవిలో ఒక చిన్న విద్యుత్ నిరోధకమును అమర్చినది. దాని విలువ సరిపోలితేనే ఇంజను మొదలయ్యేది. లోహపు గాట్లతో పాటు విద్యుత్ గుర్తింపు కూడా అవసరమైన తాళంచెవులకు ఇది తొలి రూపాలలో ఒకటి.

1990లలో ఐరోపాలో కార్ల చోరీలు పెరగడంతో ఇమ్మొబిలైజర్ అనే పరికరము వ్యాప్తిలోనికి వచ్చినది. సరియైన చిప్ గల తాళంచెవి లేనిదే ఇంజను నడవకుండా చేయడం దీని పని. 1998లో జర్మనీ, బ్రిటన్ దేశాలలోను, 2001లో ఆస్ట్రేలియాలోను, 2007లో కెనడాలోను కొత్త కార్లకు ఇది తప్పనిసరి అయినది.

భారతదేశంలో అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని వంటి పాత కార్లకు చిప్ లేని సాదా లోహపు చెవులే ఉండేవి. 1983 డిసెంబరులో అమ్మకం మొదలైన మారుతి 800 కారు కూడా చాలా కాలం సాదా చెవితోనే నడిచినది. తరువాతి కాలంలో మారుతి సంస్థ ఐక్యాట్స్ పేరుతో ఇమ్మొబిలైజరును తన కార్లలో అమర్చినది. ఇతర సంస్థలు కూడా ఇదే బాట పట్టడంతో చిప్ గల తాళంచెవి మధ్యతరగతి కుటుంబాల కార్లలోనికి వచ్చినది. దానితో పాటే మార్పిడి ఖర్చు కూడా పెరిగినది.

తాళంచెవుల రకాలు

సాదా చెవి: కేవలం లోహంతో చేసినది. అంచున ఉన్న గాట్లు తాళంలోని మెట్లకు సరిపోతే తాళం తిరుగుతుంది. పాత కార్లలోను, కొన్ని సరుకు రవాణా వాహనాలలోను కనిపిస్తుంది.

చిప్ చెవి: చూడడానికి సాదా చెవి వలెనే ఉన్నా ప్లాస్టిక్ పిడిలో ట్రాన్స్‌పాండర్ అనే చిన్న చిప్ ఉంటుంది. దీనితో తలుపు తెరుచుకున్నా, చిప్ నమోదు కానిదే ఇంజను నడవదు.

రిమోట్ చెవి: చిప్‌తో పాటు తలుపులు తెరిచి మూసే మీటలు కూడా పిడిలోనే ఉంటాయి. మీట నొక్కగానే చాకు వలె బయటికి వచ్చే మడత చెవి ఈ రకములోనిదే.

స్మార్ట్ చెవి: దీనిని జేబులో ఉంచుకుంటే చాలు. కారు దానిని గుర్తించి తలుపు తెరుస్తుంది, మీట నొక్కగానే ఇంజను మొదలవుతుంది. దీని లోపల అత్యవసర సమయంలో తలుపు తెరవడానికి ఒక చిన్న లోహపు చెవి దాగి ఉంటుంది. చాలామంది యజమానులకు ఈ సంగతి తెలియదు.

కార్డు మరియు ఫోను: కొన్ని కార్లకు పలుచని కార్డు లేదా చేతి ఫోను తాళంచెవిగా పనిచేస్తుంది. 2020లో యాపిల్ సంస్థ తన ఫోనును కారు తాళంచెవిగా వాడుకొనే సౌకర్యమును బీఎండబ్ల్యూ కార్లతో మొదలుపెట్టినది.

లోహపు చెవులలో కూడా రెండు విధములు కలవు. అంచున గాట్లు గలవి ఒక విధము. చెవి ప్రక్కభాగంపై మెలికలు తిరిగిన గాడి గలవి రెండవ విధము. ఈ రెండవ రకమును సాధారణ నకలు యంత్రంపై కోయడం వీలుపడదు. దానికి వేరే యంత్రం కావాలి కనుక ధర కూడా హెచ్చుగా ఉంటుంది.

పనిచేయు విధానం

ఇగ్నిషన్ తాళం చుట్టూ ఒక సన్నని తీగచుట్ట ఉంటుంది. చెవిని పెట్టి త్రిప్పగానే ఆ తీగచుట్ట సుమారు 125 కిలోహెర్ట్‌జ్ పౌనఃపున్యంలో అయస్కాంత క్షేత్రమును వెలువరిస్తుంది. చెవిలోని చిప్ ఆ క్షేత్రం నుండే తనకు కావలసిన విద్యుత్తును పొంది బదులిస్తుంది. కనుక ఈ చిప్‌కు బ్యాటరీ అక్కరలేదు.

తొలి రకపు చిప్‌లు ప్రతిసారి ఒకే సంఖ్యను చెప్పేవి. అటువంటి వాటికి నకలు చేయడం సులభం. తరువాతి రకాలలో కారు ప్రతిసారి ఒక కొత్త సంఖ్యను ప్రశ్నగా పంపుతుంది. చిప్ తనలోని రహస్య సంకేతంతో దానిని లెక్కించి జవాబు చెబుతుంది. జవాబు సరియైనదైతేనే ఇంజను కంప్యూటరు ఇంధనమును, నిప్పురవ్వను అనుమతిస్తుంది. ఈ రహస్య సంకేతమును కారు మరియు చెవి రెండింటిలోను ఒకేసారి నమోదు చేయడమునే ప్రోగ్రామింగ్ అంటారు. కొత్త చెవిని ఎంత చక్కగా కోసినా ఈ పని జరగనిదే కారు కదలదు.

తలుపులు తెరిచే రిమోట్ మీటలు వేరొక పద్ధతిలో పనిచేస్తాయి. అవి భారతదేశంలో సాధారణంగా 433 మెగాహెర్ట్‌జ్ పరిసరాలలో రేడియో తరంగాలను పంపుతాయి. వీటికి బ్యాటరీ అవసరం. సీఆర్ 2032 అనే మూడు వోల్టుల గుండ్రని బిళ్ళ చాలా కార్లకు సరిపోతుంది. రిమోట్ పనిచేయకపోతే చెవి చెడిపోయినదని భావించి వేల రూపాయలు వెచ్చించే ముందు ఈ బిళ్ళను మార్చి చూడడం మంచిది.

ఖర్చును నిర్ణయించే అంశాలు

మార్పిడి ఖర్చులో సాధారణంగా ఈ క్రింది భాగాలు ఉంటాయి:

- ముడి చెవి ధర. ఇది సాదా లోహం నుండి స్మార్ట్ చెవి వరకు మారుతుంది.
- చెవిని కోసే కూలి.
- చిప్ లేదా రిమోట్‌ను కారులో నమోదు చేసే రుసుము.
- కారు కదలని స్థితిలో ఉంటే దానిని సర్వీసు కేంద్రమునకు లాగించే ఖర్చు, లేదా పనివాడు ఇంటికి వచ్చినందుకు అదనపు రుసుము.
- భద్రత కొరకు తాళాల సెట్టును పూర్తిగా మార్చితే దాని ధర.
- జీఎస్టీ. 2025 సెప్టెంబరు 22 నుండి కార్ల విడిభాగాలన్నిటిపై ఇది 18 శాతం. అంతకు ముందు చాలా విడిభాగాలపై 28 శాతం ఉండేది.

2020ల మధ్యకాలంలో జంటనగరాల వంటి పెద్ద నగరాలలో ధరలు ఉజ్జాయింపుగా ఇలా ఉన్నవి. చిప్ లేని సాదా చెవికి కొన్ని వందల రూపాయలు, చిప్ చెవికి సుమారు రూ. 1,500 నుండి 4,000, రిమోట్ చెవికి రూ. 3,000 నుండి 8,000, స్మార్ట్ చెవికి రూ. 8,000 నుండి 20,000 వరకు అవుతుంది. విదేశీ విలాసవంతమైన కార్ల చెవులకు ఇంతకు అనేక రెట్లు కావచ్చును. కారు రకమును, తయారైన సంవత్సరమును బట్టి ఈ ధరలు మారుతాయి.

అన్ని తాళంచెవులు పోయిన సందర్భం

కొత్త కారుతో సాధారణంగా రెండు తాళంచెవులు ఇస్తారు. వాటిలో ఒకటి పోయినప్పుడు రెండవ చెవితో కారును స్వయంగా సర్వీసు కేంద్రమునకు నడుపుకొని పోవచ్చును. మిగిలిన చెవిని చూసి కొత్తదానిని కోయవచ్చును. కొన్ని కార్లలో పాత చెవి ఆధారంగానే కొత్త చిప్‌ను సులభంగా నమోదు చేయవచ్చును.

రెండు చెవులూ పోతే పరిస్థితి పూర్తిగా మారుతుంది. కారును లాగించవలసి వస్తుంది. కోయడానికి నమూనా ఉండదు. నమోదు చేయడానికి కారు తయారీ సంస్థ వద్ద ఉండే రహస్య సంఖ్య కావలసి వస్తుంది. కొన్ని మోడళ్ళలో ఇమ్మొబిలైజర్ భాగమునే మార్చవలసి రావచ్చును. తాళాల సెట్టు మొత్తం మార్చమని సర్వీసు కేంద్రం సూచించడం కూడా సాధారణమే.

ఈ తేడాను ఒక లెక్క ద్వారా గ్రహించవచ్చును. ఇందులోని అంకెలు లెక్క కొరకు ఊహించినవి మాత్రమే. ఒక రిమోట్ చెవి ధర రూ. 4,500, నమోదు రుసుము రూ. 1,000 అనుకొంటే మొత్తం రూ. 5,500. దానిపై 18 శాతం పన్ను రూ. 990 కలిపి రూ. 6,490 అవుతుంది. అదే కారుకు రెండు చెవులూ పోయి, తాళాల సెట్టుకు రూ. 9,000, నమోదుకు రూ. 2,500, లాగించడానికి రూ. 2,500 అయితే మొత్తం రూ. 14,000. పన్ను రూ. 2,520 కలిపి రూ. 16,520 అవుతుంది. అనగా రెండవ చెవి ఇంటిలో లేకపోవడం వలన పడిన అదనపు భారం రూ. 10,030. ఒక చెవి పోయిన నాడే రెండవదానిని చేయించుకొనక, "ఒకటి ఉన్నది కదా" అని వాయిదా వేసినవారికి ఈ భారం తప్పదు.

మార్పిడి పద్ధతులు

అధీకృత సర్వీసు కేంద్రం: వాహన పత్రాలు చూపి దరఖాస్తు చేస్తే, కారు ఛాసిస్ నంబరు లేదా తాళంచెవి సంఖ్య ఆధారంగా సంస్థ నుండి కొత్త చెవిని తెప్పిస్తారు. ఇందుకు కొన్ని రోజుల నుండి కొన్ని వారాలు పట్టవచ్చును. ధర ఎక్కువ. అయితే చెవి అసలైనది, వారంటీకి భంగం ఉండదు, పోయిన చెవిని కారు జ్ఞాపకం నుండి తొలగించే పని కూడా సక్రమంగా జరుగుతుంది.

స్వతంత్ర తాళాల పనివారు: వీరిలో పాత పద్ధతివారు, కొత్త పద్ధతివారు అని రెండు తరగతులు కలవు. పాత పద్ధతిలో ముడి చెవిని తాళంలో పెట్టి ఒత్తి త్రిప్పుతారు. మెట్లు తగిలిన చోట చెవిపై సన్నని గుర్తులు పడతాయి. ఆ గుర్తుల వద్ద ఆకురాయితో కొద్దికొద్దిగా అరగదీస్తూ, మరల పెట్టి చూస్తూ చెవిని తయారుచేస్తారు. పట్టుగల పనివాడు నమూనా లేకుండానే ఈ విధంగా చెవి చేయగలడు. కొత్త పద్ధతివారు తాళంలోని మెట్ల లోతులను ప్రత్యేక పనిముట్టుతో కొలిచి యంత్రంపై కోస్తారు. కారు డ్యాష్‌బోర్డు క్రింద ఉండే ఓబీడీ అనే కనెక్టరుకు తమ పరికరమును తగిలించి చిప్‌ను నమోదు చేస్తారు. వీరు కారు ఉన్న చోటికే వస్తారు కనుక లాగించే ఖర్చు తగ్గుతుంది. ధర కూడా సాధారణంగా తక్కువ.

పిడి మాత్రమే మార్చడం: చెవి పోకుండా ప్లాస్టిక్ పిడి పగిలినా, మీటలు అరిగినా కొత్త పిడిలోనికి పాత చిప్‌ను, సర్క్యూట్‌ను మార్చుకొంటే సరిపోతుంది. ఇది కొన్ని వందల రూపాయల పని. పాత పిడిని పారవేసేటప్పుడు అందులోని చిన్న చిప్‌ను కూడా పారవేయకుండా చూసుకొనవలెను.

యాప్రాల్ పరిసరాలలో

యాప్రాల్ మేడ్చల్-మల్కాజ్‌గిరి జిల్లాలో, సికింద్రాబాదుకు ఈశాన్య దిశగా ఉన్న నివాస ప్రాంతం. 2016లో జరిగిన జిల్లాల పునర్వ్యవస్థీకరణకు ముందు ఇది రంగారెడ్డి జిల్లాలో ఉండేది. సైనిక్‌పురి, అమ్ముగూడ, కౌకూర్, లోతుకుంట, జవహర్‌నగర్ దీనికి సమీప ప్రాంతాలు. సికింద్రాబాదు కంటోన్మెంటు దగ్గరగా ఉండుట వలన ఇక్కడ సైనికోద్యోగులు, విశ్రాంత సైనికుల కుటుంబాలు గణనీయంగా నివసిస్తున్నాయి.

ఈ నేపథ్యం తాళంచెవి మార్పిడిపై కూడా ప్రభావం చూపుతుంది. బదిలీపై వచ్చే కుటుంబాల కార్లు ఇతర రాష్ట్రాలలో కొన్నవి, అక్కడే నమోదైనవి కావచ్చును. అటువంటి కారు చెవి ఇక్కడ పోయినప్పుడు కొన్న ఊరికి వెళ్ళవలసిన అవసరం లేదు. అదే సంస్థకు చెందిన స్థానిక అధీకృత కేంద్రంలో నమోదు పత్రం, గుర్తింపు పత్రం చూపి దరఖాస్తు చేయవచ్చును. అయితే కారు ఇంకా మునుపటి యజమాని పేరుతోనే ఉంటే చిక్కు వస్తుంది. బదిలీల వేళ చేతులు మారిన పాత కార్లలో, పేరు మార్పు పూర్తి కాకమునుపే చెవి పోతే, అధీకృత కేంద్రం కొత్త చెవిని ఇవ్వడానికి నిరాకరించవచ్చును. ఈ నిరాకరణ యజమానికి ఇబ్బందిగా తోచినా, దొంగ చేతికి కొత్త చెవి చేరకుండా కాపాడేది కూడా అదే నిబంధన.

కార్ల విడిభాగాలకు, ఇనుప సామానుకు పేరుగన్న రాణీగంజ్ బజారు సికింద్రాబాదులో కలదు. ముడి చెవులు, పిడులు, రిమోట్ బ్యాటరీలు వంటివి అటువంటి బజారులలో లభిస్తాయి. పాత కారు గలవారికి అక్కడికి వెళ్ళిరావడం లాభదాయకం కావచ్చును. కానీ చెవి పోయి కారు యాప్రాల్‌లోని ఇంటి ముందే నిలిచిపోయినప్పుడు, దానిని నగరంలోని సర్వీసు కేంద్రం వరకు లాగించడమా లేక పనివానిని ఇంటికి పిలవడమా అన్నదే అసలు ప్రశ్న. ఈ నిర్ణయానికి ముందు రెండు చోట్ల ధర అడిగి, ఆ ధరలో చెవి, నమోదు, రాకపోకల ఖర్చు మరియు పన్ను అన్నీ కలిసి ఉన్నవో లేదో తెలుసుకొనడం అవసరం.

కావలసిన పత్రాలు

కొత్త చెవి కొరకు సాధారణంగా వాహన నమోదు పత్రం, యజమాని గుర్తింపు పత్రం, బీమా పత్రం అడుగుతారు. చెవి పోయినదని పోలీసులకు ఇచ్చిన ఫిర్యాదు నకలు కూడా పలు కేంద్రాలు కోరుతాయి. తెలంగాణలో పోయిన పత్రాలు, వస్తువులకు సంబంధించిన పోలీసు ధ్రువపత్రం కొరకు మీ సేవ కేంద్రాల ద్వారా దరఖాస్తు చేసుకొనవచ్చును. చెవి చోరీకి గురైనదన్న అనుమానం ఉంటే మాత్రం నేరుగా ఆ పరిధిలోని పోలీసు స్టేషనులో ఫిర్యాదు చేయవలెను.

నమోదు పత్రం కారు లోపలే ఉండిపోయి, తలుపు తెరిచే చెవి లేకపోవడం తరచుగా ఎదురయ్యే సమస్య. డిజీలాకర్‌లోను, తెలంగాణ రవాణా శాఖ 2016లో ప్రవేశపెట్టిన ఎం-వాలెట్‌లోను పత్రాల డిజిటల్ ప్రతులను ఉంచుకొనే వీలు ఉండుట వలన ఈ ఇబ్బందిని నివారించవచ్చును.

బీమా

సాధారణ మోటారు బీమాలో పోయిన తాళంచెవికి పరిహారం లభించదు. అదనపు ప్రీమియం చెల్లించి తాళంచెవి రక్షణ అనే అనుబంధమును తీసుకొన్నవారికి, పాలసీలో చెప్పిన పరిమితి మేరకు ఖర్చు తిరిగి వస్తుంది. ఏడాదికి ఎన్నిసార్లు కోరవచ్చునన్న దానిపై కూడా సాధారణంగా పరిమితి ఉంటుంది.

బీమా విషయంలో తాళంచెవికి ఇంతకంటే పెద్ద ప్రాముఖ్యం కలదు. కారు చోరీ అయినప్పుడు పరిహారం కోరితే బీమా సంస్థలు రెండు అసలు తాళంచెవులను అప్పగించమని అడుగుతాయి. ఒకటి లేకపోతే కారు నిర్లక్ష్యం వలన పోయినదా అన్న సందేహం తలెత్తి విచారణ జాప్యం కావచ్చును, దావా తిరస్కరించబడవచ్చును. అందుచేత చెవి పోయిన వెంటనే ఫిర్యాదు చేసి, కొత్త చెవి చేయించిన రసీదును భద్రపరచుకొనడం ఖర్చు విషయంలో కంటే సాక్ష్యం విషయంలో ముఖ్యమైనది.

చోదకుడు తాళంచెవిని ఇగ్నిషన్‌లోనే వదిలి దిగినప్పుడు చోరీ అయిన ఒక లారీ వ్యాజ్యంలో, బీమా సంస్థ దావాను పూర్తిగా తిరస్కరించడం సరికాదని, బీమా మొత్తంలో 75 శాతం చెల్లించవలెనని 2023 జూలైలో సుప్రీంకోర్టు తీర్పునిచ్చినది. ఆ యజమానికి ఊరట లభించినా, నాలుగవ వంతు మొత్తమును నష్టపోవలసి వచ్చినది.

భద్రత

పోయిన చెవి ఎవరి చేతిలో ఉన్నదో యజమానికి తెలియదు. కొత్త చెవి చేయించినంత మాత్రాన పాతది పనికిరాకుండా పోదు. సర్వీసు కేంద్రంలో పోయిన చెవి యొక్క చిప్‌ను కారు జ్ఞాపకం నుండి తొలగించమని అడగవలెను. అప్పుడు దానితో ఇంజను నడవదు. అయితే దాని లోహపు భాగంతో తలుపు మాత్రం తెరుచుకుంటుంది. చెవి చిరునామా గల సంచితోను, ఇంటి తాళాలతోను కలిసి పోతే తాళాల సెట్టును మార్చడం గురించి ఆలోచించవలెను. పాత కారును కొన్నవారు కూడా మునుపటి యజమాని వద్ద ఇంకొక చెవి మిగిలి ఉండవచ్చునన్న ఉద్దేశంతో, తమ వద్ద ఉన్న చెవులు తప్ప మిగిలినవాటిని తొలగింపజేయడం మంచిది.

ఎలక్ట్రానిక్ తాళంచెవులు కూడా అభేద్యమైనవి కావు. 2005లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయము, ఆర్‌ఎస్‌ఏ ప్రయోగశాలల పరిశోధకులు అప్పట్లో విరివిగా వాడబడుతున్న ఒక 40 బిట్ల చిప్ సంకేతమును ఛేదించి చూపారు. 2011లో స్విట్జర్లాండులోని జ్యూరిక్ ఈటీహెచ్ పరిశోధకులు 8 సంస్థలకు చెందిన 10 మోడళ్ళపై ప్రయోగాలు చేసి, ఇంటిలోని స్మార్ట్ చెవి సంకేతమును యాంటెన్నాల ద్వారా కారు వరకు చేరవేసి కారును నడిపించవచ్చునని నిరూపించారు. అందువలన స్మార్ట్ చెవిని వీధి తలుపునకు, కారునకు దూరంగా ఉంచమని నిపుణులు సూచిస్తారు.

చెవి కారు లోపల ఉండి, పసిపిల్లలు కూడా లోపలే చిక్కుకొన్నప్పుడు ఖర్చు గురించి ఆలోచించరాదు. ఎండలో నిలిపిన కారులో ఉష్ణోగ్రత కొద్ది నిమిషాలలోనే ప్రమాదకర స్థాయికి చేరుతుంది. వెంటనే 112 నంబరుకు ఫోను చేసి, ఆలస్యమయ్యేటట్లు ఉంటే పిల్లలకు దూరంగా ఉన్న కిటికీ అద్దమును పగులగొట్టవలెను.

అపోహలు

- బ్యాటరీ అయిపోతే కారు నడవదు: చిప్ చెవులకు, రిమోట్ చెవులకు ఇది నిజం కాదు. స్మార్ట్ చెవి విషయంలో కూడా దానిని స్టార్టు మీటకు ఆనించి లేదా నిర్ణీత స్థానంలో ఉంచి కారును నడిపించే ఏర్పాటు చాలా కార్లలో ఉంటుంది. ఆ స్థానమును కారుతో ఇచ్చిన పుస్తకంలో చూడవచ్చును.
- ఇంటి వద్ద ఉన్నవారు రిమోట్‌ను ఫోను దగ్గర నొక్కితే దూరాన ఉన్న కారు తెరుచుకుంటుంది: 2000లలో ఈమెయిళ్ళ ద్వారా బాగా ప్రచారమైన ఈ మాటలో నిజం లేదు. ఫోను శబ్దమును మాత్రమే చేరవేస్తుంది. రిమోట్ పంపేది రేడియో తరంగాలు.
- వీధిలో చేయించిన చెవి సరిపోతుంది: చిప్ లేని చెవితో తలుపు తెరుచుకున్నా, ఇమ్మొబిలైజర్ గల కారు నడవదు.

ఇతర దేశాలలో

అమెరికాలో నివసించే తెలుగువారికి కూడా ఈ సమస్య కొత్త కాదు. అక్కడ స్మార్ట్ చెవి మార్పిడికి కొన్ని వందల డాలర్లు కావడం సాధారణం. పనివారి కూలి ఎక్కువగా ఉండుట దీనికి ఒక కారణం. చిప్‌ల కొరత కూడా తాళంచెవులపై ప్రభావం చూపినది. 2022 అక్టోబరులో టయోటా సంస్థ జపానులో కొత్త కార్లతో రెండు స్మార్ట్ చెవులకు బదులు ఒక స్మార్ట్ చెవిని, ఒక లోహపు చెవిని ఇవ్వనున్నట్లు ప్రకటించినది.

ఖర్చును తగ్గించుకొనే జాగ్రత్తలు

- రెండవ చెవిని కారులో కాక ఇంటిలో ఉంచవలెను. రెండు చెవులను ఒకే గుత్తికి తగిలించరాదు.
- కొత్త కారు చెవులతో పాటు చాలా సంస్థలు ఒక చిన్న లోహపు బిళ్ళపై తాళంచెవి సంఖ్యను ఇస్తాయి. చెవి పోయినప్పుడు ఈ సంఖ్య ఉంటే పని సులభమవుతుంది. దానిని చెవి గుత్తికే వ్రేలాడదీయడం వలన చెవితో పాటు అది కూడా పోతుంది. ఆ సంఖ్య పరులకు తెలియకుండా కూడా చూసుకొనవలెను.
- చెవి గుత్తిపై ఇంటి చిరునామా గాని, కారు నంబరు గాని వ్రాయరాదు.
- పాత కారును కొనేటప్పుడు రెండు చెవులూ అడిగి తీసుకొనవలెను. ఒకటే ఉంటే రెండవదాని ఖర్చును ధరలో తగ్గించమని కోరవచ్చును.
- ఒక చెవి పోయిన వెంటనే, రెండవది చేతిలో ఉండగానే, కొత్తదానిని చేయించవలెను.

ఇవి కూడా చూడండి

- తాళము
- ఇమ్మొబిలైజర్
- మోటారు వాహన బీమా
- యాప్రాల్
- సికింద్రాబాదు